ఫిస్టులా మూసుకున్నాక చూపు వస్తుందా? కెరోటిడ్-కేవర్నస్ ఫిస్టులా చికిత్స ఫలితాలపై ఒక పరిశీలన

కెరోటిడ్-కేవర్నస్ ఫిస్టులా గురించి రెండు శతాబ్దాలుగా వెలువడిన వైద్య రచనల్లో ‘నయమైంది’ అన్న మాట తరచుగా ఎదురవుతుంది. ఆ మాటకు అన్ని చోట్లా ఒకే అర్థం ఉందని అనుకోవడానికి వీల్లేదు. కొన్ని నివేదికల్లో కన్ను నాడిలా కొట్టుకోవడం, చెవిలో హోరు ఆగిపోవడమే నయం కావడం. మరికొన్నింట్లో నాళాల మధ్య ఏర్పడిన దారి మూసుకుపోయినట్టు ఆంజియోగ్రామ్‌లో కనిపించడం. చికిత్సకు ముందూ తరువాతా అక్షరాల పట్టికతో చూపు కొలిచి, రెండింటినీ పోల్చి రాసినవి వీటికంటే తక్కువ. రోగీ, ఇంటివాళ్ళూ మొదట అడిగేది మాత్రం చూపు గురించే. అందువల్ల ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నకే పరిమితమవుతోంది: ఫిస్టులాను మూస్తే చూపు తిరిగి వస్తుందని చెప్పడానికి ఉన్న ఆధారాలు ఏమిటి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?

ముందుగా ఆ చోటు గురించి. కపాలం అడుగున, పిట్యూటరీ గ్రంథికి రెండు పక్కలా ఒక్కొక్క సిరల గది ఉంటుంది. దానికి కేవర్నస్ సైనస్ అన్న పేరు 1732లో విన్‌స్లో పెట్టినట్టు శరీర నిర్మాణ శాస్త్ర చరిత్రలు చెబుతాయి. ఆ పేరు స్పంజి వంటి నిర్మాణాన్ని స్ఫురింపజేస్తుంది. అది సరైన వర్ణన కాదని తరువాతి వారు, ముఖ్యంగా కెనడాలోని విన్నిపెగ్‌లో పనిచేసిన డ్వైట్ పార్కిన్సన్, గట్టిగా వాదించారు. మెదడుకు రక్తం తీసుకుపోయే అంతర్గత కెరోటిడ్ ధమని ఈ గది లోపలి నుంచే వెళుతుంది. కనుగుడ్డును కదిలించే మూడు, నాలుగు, ఆరో కపాల నాడులు కూడా ఇక్కడి నుంచే కంటి వైపు సాగుతాయి. కనుగుంటలోని రక్తం వెనక్కి మళ్ళి ఎక్కువగా చేరేది ఈ గదికే. దెబ్బ వల్ల ఆ ధమనికి చిల్లు పడినా, మెదడు పొరకు రక్తమిచ్చే సన్నని ధమనులు ఆ గదితో కలిసిపోయినా, ధమనిలో ఉండవలసిన ఒత్తిడి సిరల్లోకి చేరుతుంది. కంటి నుంచి బయటికి పోవలసిన రక్తం పోలేదు సరికదా, వెనక నుంచి కంటి మీదికే తోసుకొస్తుంది. కన్ను ఉబ్బి ముందుకు పొడుచుకురావడం, తెల్లగుడ్డు మీద మెలికలు తిరిగిన ఎర్రని నాళాలు, గుండె లయతో కలిసి చెవిలో హోరు, ఒక వస్తువు రెండుగా కనిపించడం అప్పటి లక్షణాలు. రక్తప్రవాహం తక్కువగా ఉన్న రకంలో ఇవన్నీ ఉండకపోవచ్చు. అది ఎంతకీ తగ్గని కండ్లకలకలా, లేదా థైరాయిడ్ సంబంధమైన కంటి జబ్బులా కనిపించి, చుక్కల మందులతో నెలలు గడిచిపోయే అవకాశం ఉంది.

తొలి చికిత్స గురించిన కథనాల్లోనే ఈ ప్రశ్నకు సంబంధించిన చిక్కు మొదలవుతుంది.

1. లండన్ శస్త్రవైద్యుడు బెంజమిన్ ట్రావర్స్ ఒక గర్భిణికి హఠాత్తుగా మొదలైన ‘కొట్టుకునే కన్ను’కు మెడలోని కామన్ కెరోటిడ్ ధమనిని కట్టివేసి చికిత్స చేశాడు. దీనికి కొందరు 1809 అనీ, మరికొందరు 1811 అనీ తేదీ ఇస్తారు. శస్త్రచికిత్స జరిగినది 1809లో, వివరణ అచ్చయినది 1811లో కాబట్టి ఇది వైరుధ్యం కాదనే చెప్పవచ్చు.

2. ట్రావర్స్ దృష్టిలో అది కనుగుంట లోపలి నాళాల కణితి. ఫిస్టులా అన్న భావన ఆయనకు లేదు. తలలో ఏదో చిట్లినట్టు శబ్దం వినిపించి జబ్బు మొదలైందన్న వివరాన్ని బట్టి, దానంతట అది ఏర్పడిన కెరోటిడ్-కేవర్నస్ ఫిస్టులా అయి ఉంటుందని తరువాతి వారు ఊహించారు. ఊహ బలమైనదే అయినా శవపరీక్ష ఆధారం దానికి లేదు.

3. ధమనికీ ఆ గదికీ మధ్య చిల్లును శవపరీక్షలో చూసి చెప్పిన తొలి వ్యక్తిగా ఫ్రాన్స్‌కు చెందిన బారోఁ పేరు, 1835వ సంవత్సరం సాధారణంగా పేర్కొంటారు. 1850ల్లో పారిస్ శస్త్రవైద్యుడు నెలాటన్ రోగి బతికి ఉండగానే ఈ జబ్బును గుర్తించాడు. గొడుగు మొన ఒక పక్క కనుగుంటలో దిగి, ఎముకను దాటి, అవతలి పక్క కెరోటిడ్‌ను గాయపరచిన ఉదంతం అది. శవపరీక్ష ఆ నిర్ధారణను బలపరచింది.

అంటే మొదటి చికిత్సకూ, జబ్బు అసలు స్థానం తెలియడానికీ మధ్య పాతికేళ్ళ దూరం ఉంది. ఆ పాతికేళ్ళలోనే కాదు, తరువాత చాలా కాలం కూడా ‘నయం’ అన్న మాట బయటికి కనిపించే వాపుకూ, కొట్టుకోవడానికీ సంబంధించినదే. పందొమ్మిదో శతాబ్దపు విజయాల సంఖ్యలను నేటి చూపు ఫలితాలతో కలిపి లెక్కించడం ఈ కారణంగానే సరికాదు.

మరో కారణం ఇంతకంటే తీవ్రమైనది. పాత పద్ధతులు కొన్ని ఫిస్టులాను అదుపు చేస్తూనే కంటికి హాని చేసి ఉండవచ్చు. మెడలో కెరోటిడ్‌ను కట్టివేస్తే చిల్లు మూసుకోదు. దానికి చేరే ఒత్తిడి మాత్రమే తగ్గుతుంది. మెదడు అడుగున ఉన్న వలయం ద్వారా రెండో వైపు నుంచి వచ్చే రక్తం మళ్ళీ అదే చిల్లులోకి జారుకుంటుంది. ఆ వలయానికీ చిల్లుకూ మధ్య నుంచే కంటి ధమని చీలుతుంది కాబట్టి, అప్పటికే రక్తం చాలని కన్నుకు అది ఇంకా తగ్గుతుంది. చిల్లుకు పైనా కిందా ధమనిని మూసే పద్ధతిలోనూ ఈ ప్రమాదం ఉంది. 1930 ప్రాంతంలో బార్నీ బ్రూక్స్ కండరం ముక్కను ధమనిలోకి వదిలి చిల్లును పూడ్చే పద్ధతిని తెచ్చాడు. ఈ పద్ధతికి కొందరు 1930 అనీ, కొందరు 1931 అనీ రాస్తారు. వేరొకరి ప్రసంగంపై జరిగిన చర్చలో భాగంగా అది అచ్చెక్కడం ఈ తేడాకు కారణం కావచ్చు.

చికిత్సే కంటికి హాని చేసి ఉండవచ్చన్న అనుమానానికి ముఖ్యమైన ఆధారం 1969లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆప్తాల్మాలజీలో వచ్చిన శాండర్స్, హోయిట్‌ల వ్యాసం. వారు 25 మంది రోగులను పరిశీలించి, చూపు పోవడానికి కారణాలను శస్త్రచికిత్సకు ముందు, తరువాత అని విడదీసి చూశారు. కంటి కణజాలానికి ప్రాణవాయువు చాలకపోవడాన్ని వారు ప్రధాన కారణంగా ముందుకు తెచ్చారు. 25 అన్నది పెద్ద సంఖ్య కాదు. ఆ రోగులందరికీ ఒకే చికిత్స జరగలేదు. అయినా ‘చికిత్స తరువాత చూపు పోవడం’ అన్నదాన్ని ప్రత్యేక ప్రశ్నగా నిలబెట్టినందుకు ఈ వ్యాసం తరువాతి ఎన్నో పెద్ద లెక్కలకంటే విలువైనదని ఈ పరిశీలన భావిస్తోంది. ఫలితాన్ని ఫిస్టులా వైపు నుంచి కాక కంటి వైపు నుంచి చూసిన దృష్టి అందులో ఉంది.

చూపు ఎలా పోతుందో స్పష్టపడితే తప్ప ఎలా వస్తుందో చెప్పలేము. కంటికి రక్తం అందడం స్థూలంగా ఒక తీసివేత లెక్క: కంటి ధమనిలోని సగటు ఒత్తిడి నుంచి కంటి లోపలి ఒత్తిడిని తీసివేస్తే మిగిలేదే రక్తాన్ని తోసే బలం. కంటి లోపలి ఒత్తిడి ఆరోగ్యవంతుల్లో మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. కంటిలోని ద్రవం చివరికి బయటి సిరల్లోకే దిగాలి. ఆ సిరల ఒత్తిడి మామూలుగా 8 నుంచి 10 వరకు. ఉదాహరణ కోసం, ధమని ఒత్తిడి 60, కంటి ఒత్తిడి 15 అనుకుంటే మిగులు 45. ఫిస్టులా వల్ల సిరల ఒత్తిడి ఎక్కి కంటి ఒత్తిడి 35 అయిందనుకుందాం. ధమనిలోని రక్తం పక్కదారి పట్టి అక్కడి ఒత్తిడి 50కి దిగిందనుకుందాం. మిగులు 15. రెండు వైపుల నుంచీ నొక్కుకుపోతే ఎంత మిగులుతుందో చూపించడానికే ఈ అంకెలు. ఏ ఒక్క రోగికీ చెందినవి కావు. అయితే ఇలాంటి కంటికి నీటికాసుల చుక్కలు మాత్రమే వేస్తూ కూర్చోవడం ఎందుకు చాలదో ఈ లెక్క చెబుతుంది. ద్రవం తయారీని చుక్కలు తగ్గించగలవు, సిరల ఒత్తిడిని తగ్గించలేవు.

ఈ నేపథ్యంలో చూపు తగ్గడానికి ఉన్న కారణాలను, తిరిగి వచ్చే అవకాశాన్ని బట్టి, ఇలా వరుసగా పరిశీలించవచ్చు.

1. కనుగుడ్డు ముందుకు వచ్చి రెప్పలు మూసుకోక నల్లగుడ్డు ఆరిపోవడం. మచ్చ పడకముందే కాపాడితే చూపు చాలావరకు నిలుస్తుంది.

2. రెటీనా సిరలు ఉబ్బి, రక్తపు మరకలు, నీరు చేరడం. రెటీనా వెనక పొర కింద ద్రవం చేరడం. సిరల ఒత్తిడి తగ్గాక ఇవి వారాలలో తగ్గుతాయని పలు నివేదికలు చెబుతున్నాయి. చికిత్స తరువాత కనిపించే ‘ఆశ్చర్యకరమైన మెరుగుదల’లో అధిక భాగం ఈ వర్గానికి చెందినదే కావచ్చు.

3. కంటి ఒత్తిడి పెరగడం. ఒత్తిడి తగ్గుతుంది, అప్పటికే నరంలో పోయిన పోగులు రావు.

4. దృష్టి నాడికి రక్తం చాలకపోవడం. ఇది మధ్యస్థ వర్గం. ఇక్కడే వివాదం.

5. రెటీనా ప్రధాన ధమని పూర్తిగా మూసుకోవడం, లేదా దెబ్బ తగిలిన క్షణంలోనే దృష్టి నాడి నలిగిపోవడం. ఫిస్టులాను ఎంత చక్కగా మూసినా వీటి ఫలితం మారుతుందని నమ్మడానికి తగిన ఆధారం లేదు.

నాలుగో వర్గంలో కాలవ్యవధి ప్రశ్న ముందుకొస్తుంది. సోహన్ సింగ్ హేరే బృందం రీసస్ కోతులపై చేసిన ప్రయోగాల్లో రెటీనా ప్రధాన ధమనిని పూర్తిగా మూసినప్పుడు సుమారు 97 నిమిషాల వరకు శాశ్వత నష్టం కనిపించలేదు. 240 నిమిషాలు దాటితే దాదాపు సర్వనష్టం. ఈ అంకెలను ఫిస్టులాకు నేరుగా అన్వయించి, ‘నాలుగు గంటలు దాటాక చికిత్స దండగ’ అని తేల్చడం పొరపాటు. ఆ ప్రయోగంలో రక్తం పూర్తిగా ఆగింది. ఫిస్టులాలో సాధారణంగా తగ్గుతుంది. తగ్గిన రక్తంతో కణం పని మానేసినా వెంటనే చావకపోవచ్చు. రోజులు, వారాలు మసకగా ఉన్న చూపు ఫిస్టులా మూసిన తరువాత మెరుగుపడిన ఉదంతాలకు ఇది సంభావ్యమైన వివరణ. నేరుగా రుజువైన వివరణ అని మాత్రం చెప్పలేము. వెలుగు కూడా తెలియని స్థితి నుంచి కొంత చూపు వచ్చిన ఒంటరి ఉదంతాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాటిని తీసివేయకూడదు, అలాగని లెక్కలోకి యథాతథంగా చేర్చనూ కూడదు. చూపు వచ్చిన అరుదైన రోగి గురించి వైద్యుడు రాస్తాడు. రాని రోగి గురించి విడిగా వ్యాసం రాసేవారు తక్కువ.

ఇక పెద్ద లెక్కల సంగతి. 1985లో బారో తదితరులు ఈ ఫిస్టులాలను నాలుగు రకాలుగా విభజించారు: ‘ఎ’ రకంలో కెరోటిడ్‌కే నేరుగా చిల్లు, ‘బి’లో అంతర్గత కెరోటిడ్ పొర శాఖలు, ‘సి’లో బాహ్య కెరోటిడ్ శాఖలు, ‘డి’లో రెండూ. ఈ వర్గీకరణ దాదాపు ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. అయితే దానికి ఆధారమైనవారు 14 మంది రోగులు, అందరూ దెబ్బ లేకుండా జబ్బు వచ్చినవారు. ధమనుల మార్గాన్ని అది చక్కగా వర్ణిస్తుంది; రక్తం ఏ సిర గుండా బయటికి పోతోందో చెప్పదు. కన్ను బాధపడేది ఆ బయటి దారిని బట్టే. ఒకే ‘డి’ రకానికి చెందిన ఇద్దరిలో ఒకరికి ఎర్ర కన్ను మాత్రమే ఉండి, మరొకరికి చూపు పడిపోవడం ఇందువల్లే జరుగుతుందని భావించవచ్చు. చూపు ఫలితాలను కేవలం రకం వారీగా విడగొట్టి చూపే పట్టికలను ఈ లోపం దృష్టిలో పెట్టుకుని చదవాలి.

చికిత్స సాధనాలు కూడా మారుతూ వచ్చాయి. మాస్కోలోని బుర్దెంకో సంస్థలో సెర్బినెంకో విడదీయగల బెలూన్‌ను ధమని లోపలి నుంచే పంపి చిల్లును మూసే మార్గం కనుగొన్నాడు. ప్రపంచానికి ఇది తెలిసింది 1974 నాటి ఆంగ్ల వ్యాసంతో. రష్యన్ భాషలో ఆయన రాత అంతకుముందే వెలువడింది. మే డే వేడుకల్లో పిల్లల చేతుల్లోని బుడగలు చూసి ఆ ఆలోచన వచ్చిందన్న కథ ప్రచారంలో ఉంది. 1990లలో గుగ్లియెల్మి పేరిట వచ్చిన ప్లాటినం కాయిళ్ళు, తరువాత ద్రవరూప పూరకాలు, స్టెంట్లు బెలూన్ స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. తొడ దగ్గర రక్తనాళంలో క్యాథెటర్ ప్రవేశపెట్టి, ధమని వైపు నుంచి గానీ సిర వైపు నుంచి గానీ గదిని చేరతారు. కొన్నిసార్లు పై రెప్ప దగ్గర సుపీరియర్ ఆఫ్తాల్మిక్ సిరను తెరిచి అటు నుంచి వెళతారు. ధమనిని బలి ఇవ్వకుండా చిల్లును మూయగలగడం కంటి దృష్ట్యా వీటన్నిటి అసలు లాభం. 2002లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మేయర్స్ తదితరులు పొర శాఖల ఫిస్టులా ఉన్న 135 మంది ఫలితాలు ప్రకటించి, సుమారు 90 శాతం మందిలో లక్షణాలు నయమైనట్టు రాశారు. ఇది మంచి ఫలితమే. కానీ 90 శాతం అన్నది అందరికీ 6/6 చూపు వచ్చిందని కాదు. చాలామందికి మొదటి నుంచీ చూపు బాగానే ఉండి, ఎర్రదనమూ ద్వంద్వ దృష్టీ మాత్రమే బాధగా ఉంటాయి. అలాంటివారు ఎక్కువగా ఉన్న సమూహంలో ‘నయం’ శాతం పెరగడం సహజం.

నిరీక్షించడం కూడా ఒక చికిత్సే. ప్రవాహం తక్కువగా ఉన్న ఫిస్టులాలు గణనీయమైన పాళ్ళలో వాటంతట అవే మూసుకుంటాయి. 20 నుంచి 50 శాతం వరకు అంటూ నివేదికలు మారుతున్నాయి. ఇంత తేడా రావడానికి రోగుల ఎంపికే కారణమై ఉండవచ్చు. పెద్ద ఆసుపత్రికి చేరేది తగ్గని రోగే. మెడ దగ్గర కెరోటిడ్‌ను రోగి తన ఎదుటి చేతితో విడతలు విడతలుగా నొక్కుకునే పద్ధతిని కూడా కొందరికి సూచిస్తారు: కుడి వైపు జబ్బైతే ఎడమ చేతితో. మెదడుకు రక్తం తగ్గితే ఆ చేయే బలహీనపడి తనంతట తాను జారిపోతుందన్న జాగ్రత్త అందులో ఉంది. మెడ ధమనిలో కొవ్వు పూడిక ఉన్నవారికి ఇది తగదు. చూపు తగ్గుతున్నవారికి ఈ నిరీక్షణ ఏదీ వర్తించదు. 1987లో హాల్‌బాక్ తదితరులు 155 మంది రోగుల సమీక్షలో చూపు తగ్గడాన్ని అత్యవసర చికిత్సకు కారణాల్లో ఒకటిగా చేర్చారు.

ఇక్కడ ఒక విరుద్ధమైన సాక్ష్యాన్ని ప్రస్తావించకపోతే పరిశీలన ఏకపక్షమవుతుంది. ఫిస్టులా మూసుకుంటున్న దశలోనే, తనంతట తాను గానీ చికిత్స తరువాత గానీ, కన్ను మరింత ఉబ్బి, ఎర్రబడి, చూపు తాత్కాలికంగా తగ్గవచ్చు. 1987లో సెర్గాట్ తదితరులు దీన్ని ‘విరుద్ధ క్షీణత’గా వర్ణించారు. సుపీరియర్ ఆఫ్తాల్మిక్ సిరలో రక్తం గడ్డకట్టడం దీనికి ప్రధాన కారణంగా భావిస్తారు. దీని ఫలితంగా రెండు రకాల పొరపాట్లకు వీలుంది. మూడో రోజున చూపు కొలిచి ‘చికిత్స విఫలం’ అని రాసిన నివేదికా, మూడో నెలలో కొలిచి ‘సఫలం’ అని రాసినదీ ఒకే రోగి గురించైనా కావచ్చు. హోరు చాలామందిలో చికిత్స బల్ల మీదే ఆగిపోతుంది. కంటి వాపు రోజుల్లో, ముందుకొచ్చిన కన్ను వారాల్లో, నాడుల బలహీనత నెలల్లో తగ్గుతాయి. చూపు కొలిచిన రోజు రాయని వ్యాసాన్ని ఈ కారణంగా సాక్ష్యంగా స్వీకరించడం కష్టం.

కెరోటిడ్‌కే నేరుగా చిల్లు పడే ‘ఎ’ రకం ఫిస్టులాల్లో అత్యధికం తల దెబ్బల వల్ల వచ్చేవే. చైనా నుంచి 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో కపాలం అడుగు విరిగిన 312 మందిలో 3.8 శాతానికి ఈ ఫిస్టులా కనిపించింది. భారత ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవారు 4,43,366 మంది. వీరిలో కపాలం అడుగు విరిగినవారు ఎందరో ఆ లెక్క విడదీయదు కాబట్టి పై శాతాన్ని దీనితో గుణించి ఒక సంఖ్య చెప్పడం సరికాదు. మన ఆసుపత్రుల్లో ద్విచక్ర వాహన ప్రమాదాల బాధితులను ఎంతమందిని చూస్తున్నారో తెలిసినవారికి సమస్య పరిమాణం వేరే చెప్పనక్కర్లేదు.

ఈ రోగుల విషయంలో చూపు ఫలితాలను అర్థం చేసుకోవడానికి ఒక ప్రత్యేక అడ్డంకి ఉంది. దెబ్బ తగిలిన రోజున రోగి స్పృహలో ఉండకపోవచ్చు. రెప్ప వాచి మూసుకుపోతుంది. ఫిస్టులా లక్షణాలు రోజులు, వారాలు గడిచాక బయటపడవచ్చు. అప్పుడు కొలిచిన చూపు వెలుగు తెలియనంతగా ఉంటే, ఆ నష్టం దెబ్బ క్షణంలో నాడి నలగడం వల్ల కలిగిందా, తరువాత ఫిస్టులా వల్ల కలిగిందా అన్నది తేల్చడానికి దారి ఉండదు. మొదటిదైతే ఫిస్టులా మూసినా చూపు రాదు. రెండోదైతే వచ్చే అవకాశం ఉంది, అది రోజురోజుకూ తగ్గుతూ ఉంటుంది. చికిత్సకు ముందు ఇంటివాళ్ళకు ఏం చెప్పాలన్నది కూడా ఈ భేదం మీదే ఆధారపడుతుంది.

అయితే ఈ భేదాన్ని మొదటి రోజునే పట్టుకోవడానికి స్పృహ లేని రోగిలోనూ ఒక పరీక్ష ఉంది. వాచిన రెప్పను మెల్లగా ఎత్తి, టార్చి వెలుగును ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి మార్చి వేసి కంటిపాపలు ఎలా ముడుచుకుంటున్నాయో చూడడం. మూడో కపాల నాడి దెబ్బతిని గాయపడిన కంటిపాప కదలకుండా ఉన్నా ఈ పరీక్ష పనికివస్తుంది: వెలుగు ఆ కంటిలోకే వేసి, బాగున్న కంటి పాపను గమనించాలి. అది ముడుచుకుంటే గాయపడిన కంటి దృష్టి నాడి నుంచి మెదడుకు కబురు చేరుతోందన్న మాట. ఆ ఒక్క వాక్యం, తేదీ, గంటతో సహా, మొదటి రోజు కేస్‌షీట్‌లో ఉన్న రోగి విషయంలోనే, నెలల తరువాత తిరిగి వచ్చిన చూపును ఫిస్టులా చికిత్స ఖాతాలో రాయడానికి వీలవుతుంది.